విలియం ఎల్లిస్ గారు నడచిన తీరపు బాట

భీమునిపట్నమునుండి కోనాడ మీదుగా కళింగపట్నము వరకు, అటుపైన బారువ వరకు సముద్రపు ఒడ్డున పోవు కాలిబాటలను మన సంఘములవారు చాలమంది ఎరుగుదురు. రైలు రాకమునుపు పూరీ యాత్రికులును, ఉప్పు, ఎండుచేపలు మోయువారును, తొలి దినముల సువార్తికులును మన ప్రాంతపు దారులను కాళ్లతోనే కొలిచిరి. ఇసుక కాలిని లోపలికి లాగును. మొగలి పొదల ముండ్లు పంచెను పట్టుకొనును. ఏటి మొగవద్ద పడవకొరకు గంటలకొలది కాచుకొనవలెను. అయినను ఇసుక మెత్తనిది, పడినవానికి గాయము కానియ్యదు. ఈ నెల మేము చెప్పబోవు దైవజనుడు నడచిన తీరపు బాట అట్టిది కాదు. అది చల్లారిన నిప్పుమీద మనుష్యులు వేసికొనిన బాట.

మిషను చరిత్ర చదివినవారికి విలియం ఎల్లిస్ గారి పేరు తెలిసినదే. ఆయనను పంపిన లండను మిషనెరీ సొసైటీ మనకు పరాయిది కాదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చి తెనుగులో సువార్తలను తర్జుమా చేయ మొదలుపెట్టిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజస్ గార్లు ఆ సొసైటీవారే. వారికి ఆనందరాయరుగారు తోడ్పడిరి. క్రాన్ గారు 1809లోను, డెగ్రాంజస్ గారు 1810లోను ప్రభువునందు నిద్రించిరి. వారి చేతివ్రాత మాత్రము ఆగలేదు. 1812లో శ్రీరాంపురమునందు మూడు సువార్తలు తెనుగున అచ్చుపడెను. తర్వాత అదే సొసైటీ పని విజయనగరమునకును, శ్రీకాకుళమునకును ప్రాకెను. పిమ్మట ఈ పొలమును కెనడియన్ బాప్టిస్టు మిషనువారు చేపట్టిరి. ఎల్లిస్ గారు మన దేశమునకు రాలేదు గాని, మన తీరమునుండి పోయిన ఉత్తరములు ఆయన చేతికి వచ్చిన కాలము ఒకటి కలదు. దానిని క్రింద చెప్పెదము.

ఆయన 1794 ఆగస్టు 29న లండను నగరములో పేదల ఇంట పుట్టెను. బాల్యము విస్‌బెక్ అను ఊళ్లో గడిచెను. చిన్నతనముననే కూలికి తోటపనిలో చేరెను. మొక్కను నాటుట, అంటుకట్టుట, విత్తనమును చెడకుండ దూరదేశమునకు పంపుట, ఇవి ఆయన మొదటి చదువు. తర్వాత దైవసేవకు పిలుపు కలిగి, హోమర్టన్ పాఠశాలలో తరిఫీదు పొంది, 1815లో అభిషేకము పొందెను. ఆ యేడే మేరీ మూర్ అను కన్యను వివాహమాడెను. ఓడ యెక్కకమునుపు అచ్చుపని, పుస్తకములు కుట్టుపని కూడ నేర్చుకొనెను. చేతిపని తెలియని బోధకుడు పరదేశములో ఇతరులకు భారమగునని ఆ సొసైటీ పెద్దలు ఎరిగియుండిరి. మా సెమినరీలో మాకు హెబ్రీ అక్షరములు నేర్పిరి గాని పుస్తకము కుట్టుట నేర్పలేదు. అదియును నేర్పియుండిన బాగుండెడిదని మాకిప్పటికిని తోచును.

1816 జనవరిలో బయలుదేరి, 1817లో పసిఫిక్ మహాసముద్రములోని తాహితి ప్రక్కనున్న ఎయిమియో ద్వీపము చేరిరి. ఎల్లిస్ గారు అచ్చుయంత్రమును అక్కడనే నిలిపెను. ఆ యేడు పోమరే రాజు స్వయముగా వచ్చి, అక్షరములను కూర్చి, మొదటి పుట తన చేతులతో తీసెను. ఊరంతయు కిటికీలవద్ద ఎగబడి చూచిరి. మరుసటి సంవత్సరము ఆయన హువాహినే ద్వీపమునకు మారి, అక్కడ కొంతకాలము పరిచర్య చేసెను.

1822లో సొసైటీ పెద్దలు ఇద్దరు ఆయనను వెంటబెట్టుకొని ఉత్తరముగా హవాయి దీవులకు పోయిరి. అక్కడ కమెహమెహా అను గొప్ప రాజు 1819లో చనిపోగా, అతని కుమారుడు పాత నిషేధములను త్రోసివేసి గుడులను మూయించెను. అమెరికా మిషనెరీలు 1820లో దిగిరి. వారికి ఇంకను భాష పట్టుబడలేదు. తాహితి భాషకును హవాయి భాషకును మన తెనుగునకు కన్నడమునకు ఉన్నదానికంటె దగ్గర పోలిక కలదు. గనుక ఎల్లిస్ గారు కొద్ది వారములలోనే ఆ జనులకు వారి మాటలలో బోధింపగలిగెను. రాజును, ప్రధానులును, అమెరికావారును ఆయనను ఉండుమని కోరిరి. 1823 ఫిబ్రవరిలో కుటుంబముతోకూడ వచ్చి హొనొలూలూలో కాపురముండెను.

ఆ యేటి వేసవిలో ఆయన ముగ్గురు అమెరికా మిషనెరీలతో, అనగా ఆసా థర్‌స్టన్, ఆర్టిమస్ బిషప్, జోసెఫ్ గుడ్రిచ్ గార్లతో కలిసి హవాయి అను పెద్ద ద్వీపమును చుట్టిరావలెనని పూనుకొనెను. ఏ ఊళ్లో ఎందరున్నారు, బడి ఎక్కడ పెట్టవచ్చును, త్రాగునీరు ఎక్కడ దొరకును అని తెలిసికొనుట వారి పని. ఆ ద్వీపాధిపతియైన కువాకీని వారికి మకోవా అను పొట్టి మనిషిని దారి చూపుటకిచ్చెను. జూలై 18న కైలువా అను ఊరినుండి దక్షిణముగా సముద్రపు ఒడ్డుపట్టి నడువసాగిరి.

ఆ నేల ఎట్టిదో మన చదువరులకు చెప్పవలెను. హవాయి ద్వీపమంతయు అగ్నిపర్వతముల కడుపునుండి వచ్చినదే. కరిగిన రాయి కొండ పగుళ్లనుండి పొంగి, పల్లమునకు పారి, సముద్రములో పడి గడ్డకట్టును. బెల్లము వండు పెనమునుండి పాకమును వంపినప్పుడు పైన మీగడవలె ముడుతలు పడునుగదా, కొన్నిచోట్ల ఆ రాయి అట్లు నున్నని ముడుతలుగా చల్లారును. మరికొన్నిచోట్ల కమ్మరి కొలిమిలోని చిట్టెమువలె బొరుసు బొరుసుగా, కత్తివాదరవలె పదునుగా గుట్టలు పడును. చెప్పులు ఒక్కదినములో చినుగును. నీడ లేదు, వాగు లేదు. వాన కురిసినను నీరు రాతి సందులలోనికి దిగిపోవును. గనుక జనులు గుహలలో కారు చుక్కలను సొరకాయ బుర్రలలో పట్టుకొందురు.

అట్టి నేలమీద బాట వేయుటకు హవాయివారు ఒక ఉపాయము చేసిరి. అలలు అరగదీసిన పెద్ద గుండ్రాళ్లను సముద్రపు ఒడ్డునుండి భుజములమీద మోసికొని వచ్చి, పదునైన చిట్టెపు రాతిమీద అంగకొకటి చొప్పున వరుసగా పరచిరి. వట్టి కాళ్లవాడు ఒక రాతినుండి మరియొక రాతిమీదికి అడుగు వేయుచు గాయము లేకుండ దాటిపోవును. చీకటిలో కూడ ఆ నున్నని రాళ్లు నల్లని నేలమీద గుర్తుపట్ట వీలగును. ఎన్ని తరములవారు మోసిరో! మన పల్లెలలో గట్టు వేయుటకు ఇంటికొక మనిషి పోవునట్లు అక్కడను పోయియుందురు. ఎల్లిస్ గారు ఈ బాటను శ్రద్ధగా చూచి, వేసినవారి నేర్పును తన పుస్తకములో మెచ్చుకొనెను.

దారిలో హొనౌనౌ అను చోటు వచ్చెను. అక్కడ సముద్రపు ఒడ్డున నల్లరాళ్లు సున్నములేకుండ పేర్చిన పెద్ద గోడ కలదు. ఎల్లిస్ గారు దానిని కొలిచి, పన్నెండడుగుల ఎత్తు, పదునైదడుగుల మందము అని వ్రాసికొనెను. యుద్ధములో ఓడినవాడు గాని, నిషేధము మీరి ప్రాణభయముతో పరుగెత్తువాడు గాని ఆ గోడలోపల అడుగుపెట్టిన పక్షమున వానిని ఎవడును ముట్టరాదు. కొద్ది దినములు లోపలనుండి, తర్వాత నిర్భయముగా ఇంటికి పోవచ్చును. ఇది వినగానే మన చదువరులకు సంఖ్యాకాండము 35వ అధ్యాయమును, యెహోషువ 20వ అధ్యాయమును జ్ఞాపకము వచ్చియుండును. కెదెషు, షెకెము, హెబ్రోను, యొర్దాను అవతల బేసెరు, రామోతు, గోలాను అను ఆశ్రయపురములను ఎల్లిస్ గారును ఆ గోడయెదుటనే తలంచెను. మోషే ధర్మశాస్త్రమును ఎన్నడు విననివారిలో సహితము పారిపోవువానికి తలుపు ఒకటి తెరచియుండవలెనను తలంపు ఎట్లు కలిగెనో విచారింపదగినది. అయితే ఒక భేదమును మనము విడువకూడదు. ఇశ్రాయేలులో పొరపాటున చంపినవానికే ఆశ్రయము. హొనౌనౌలో దోషికిని నిర్దోషికిని తలుపు ఒక్కటే.

ఆ గోడ ప్రక్కనే పూర్వరాజుల ఎముకలను కట్టలుగా కట్టి ఉంచిన ఒక పూరిల్లు, దాని చుట్టు కొయ్య విగ్రహములు ఉండెను. లోనికి పోవుటకు వారు సెలవియ్యలేదు. ఎల్లిస్ గారు సందులోనుండి చూచి, బయట నిలువబడి, ఆ ఇంటిని, కంచెను, విగ్రహములను ఉన్నదున్నట్లు పెన్సిలుతో గీసికొనెను. ఇది చిన్న సంగతివలె కనబడును. కాని 1829లో ఆ ఎముకలను వేరొకచోటికి తరలించి, ఇంటిని విప్పివేసిరి. 1961లో అమెరికా ప్రభుత్వము ఆ స్థలమును చారిత్రక ఉద్యానముగా ఏర్పరచి, ఆ యిల్లు మరల కట్టింపబూనినప్పుడు, అది ఎట్లుండెనో చెప్పుటకు మిక్కిలి కొద్ది సాక్ష్యములే మిగిలెను. వాటిలో ఒకటి మిషనెరీ గీసిన ఆ బొమ్మ. ఆ విగ్రహములు పోవలెనని ప్రార్థించుటకు వచ్చినవాడే వాటి రూపమును కాపాడెను. దీనిని చూచి కొందరు నవ్వుదురు గాని మాకు నవ్వు రాదు. చూచినదానిని వంకరలేకుండ చెప్పుట సాక్షికి మొదటి పని. తనకు ఇష్టములేనిదానిని సరిగా గీయగలిగినవాని మాటను, తనకు ప్రియమైనదానిని గూర్చి చెప్పినప్పుడును జనులు నమ్ముదురు.

అటుపైన వారు తీరమును విడిచి కొండమీదికి ఎక్కి, ఆగస్టు 1న కిలవేయా అగ్నిగుండమునొద్దకు చేరిరి. ఆకలి, దప్పికలతో వచ్చిరి. ఒడ్డున ఓహెలో అను ఎఱ్ఱని పండ్ల పొదలు ఉండెను. పేలే అను అగ్నిదేవతకు ముందుగా అర్పింపక ఆ పండ్లను నోట పెట్టినయెడల చావు తప్పదని తోడివారు వణికిరి. ఆ భయమును మనము తేలికగా తీసివేయరాదు. 1790లో ఆ గుండము పేలినప్పుడు ఆ దారిని పోవుచున్న కెయోవా అను ప్రధాని సైనికులు అనేకులు అక్కడికక్కడే చచ్చిరి. చూచినవారు ఇంకను బ్రదికియుండిరి. ఎల్లిస్ గారును ఆయన స్నేహితులును దేవునికి స్తోత్రము చెప్పి పండ్లు తినిరి, ఆవిరి చల్లారి గుంటలలో నిలిచిన నీరు త్రాగిరి, ఆ రాత్రి అంచుననే పరుండిరి. క్రింద కరిగిన రాయి అలలు కొట్టుచుండెను. దానిలోనుండి శంఖాకారపు దిబ్బలు లేచి పొగ, నిప్పు కక్కుచుండెను. ఆయన వాటిని లెక్కపెట్టి యేబది యొకటి అని వ్రాసెను. హోరేబులో ఏలీయా చూచిన గాలి, భూకంపము, అగ్ని మనకు తెలియును. ఆ అగ్నిలో యెహోవా లేడనియు తెలియును. ఎల్లిస్ గారు అగ్నిని పూజింపనులేదు, తిరస్కరింపనులేదు. కూర్చుండి గీసికొనెను.

మరుసటి సంవత్సరము డిసెంబరులో కపియోలానీ అను ప్రధానురాలు తన జనులు ఏడ్చుచు వలదనుచుండగా అదే గుండములోనికి దిగి, అర్పింపకయే పండ్లు తిని, సజీవదేవునికి ప్రార్థించెను. అప్పటికి ఎల్లిస్ గారు ఆ దేశములో లేరు. విత్తినవాడొకడు, కోయువాడు మరియొకడు.

కిలవేయానుండి వారు మరల సముద్రమునకు దిగి, పూనా సీమలో కైమూ, కలపన అను పల్లెలమీదుగా నడచిరి. కొబ్బరిచెట్లు, ఇసుకతిన్నెలు, పడవలు కలిగిన ఆ పల్లెలు మన ఉద్దానము ఊళ్లను తలపించును. ప్రతి ఊళ్లోను ఇండ్లను లెక్కించి, ఇంటికింతమంది అని కట్టి, ద్వీపమునందు సుమారు 85,000 మంది ఉందురని తేల్చెను. ఆ తర్వాత పరదేశపు రోగములవలన ఆ జనము దారుణముగా తగ్గిపోయెను. గనుక ఆయన లెక్క నేటికిని విద్వాంసులకు పనికివచ్చుచున్నది. దారిలో చాలచోట్ల నిలిచి బోధించిరి. విన్నవారిలో ఎందరు నిలిచిరో ఆ పర్యటనలో లెక్క కట్టలేదు. అదియు మంచిదే.

భార్య మేరీ గారికి జబ్బు ముదిరినందున 1824లో ఆ దీవులను విడిచి, అమెరికామీదుగా 1825లో ఇంగ్లండు చేరిరి. మరుసటి సంవత్సరము లండనులో ఆ ప్రయాణపు పుస్తకము ఆయన గీసిన బొమ్మలతో వెలువడెను. మకోవా ముఖము కూడ అందులో కలదు. అయితే చేతితో గీసిన బొమ్మను చెక్కడపువాడు మరల చెక్కవలెను. అతడు ఆ దేశమును చూచినవాడు కాడు. ఒక గీత అటు, ఒక గీత ఇటు పోవును. మనిషి చేయి కల్పించుకొనకుండ వెలుగే తన బొమ్మను తాను వ్రాసికొను విద్య 1839లో గాని లోకమునకు ప్రకటింపబడలేదు.

ఇంతలో ఎల్లిస్ గారు 1830 తర్వాత సుమారు పదేండ్లు లండను సొసైటీలో పరదేశ కార్యదర్శి పనిచేసెను. విశాఖపట్టణపు ఉత్తరములు ఆయన బల్లమీదికి వచ్చిన కాలమిదియే. తెనుగు బైబిలు పనిలో పేరుపొందిన జాన్ హే గారు 1840లో విశాఖ చేరినది ఈ కాలములోనే. మేరీ గారు 1835లో మరణించిరి. 1837లో ఆయన సారా స్టిక్నీ అను రచయిత్రిని వివాహమాడెను. ఆమె పుస్తకములు ఆ కాలములో ఆయన పుస్తకములకంటె ఎక్కువగా అమ్ముడుపోయెను.

ఆ బల్లమీదికి అన్నిటికంటె దుఃఖకరమైన ఉత్తరములు మడగాస్కరు ద్వీపమునుండి వచ్చుచుండెను. అక్కడ 1818లో దిగిన మొదటి మిషనెరీల కుటుంబములు జ్వరముచేత కొలది నెలలలోనే రాలిపోయెను. మిగిలిన డేవిడ్ జోన్స్ గారు రాజధానికి పోయి బడి పెట్టెను. 1835లో బైబిలు మలగాసీ భాషలో పూర్తిగా అచ్చుపడెను. ఆ యేడే మార్చి 1న రణవలోన రాణి క్రైస్తవ మతమును నిషేధించెను. మిషనెరీలు వెళ్లిపోవలసి వచ్చెను. 1837లో రసలమా అను స్త్రీ ఈటెపోటుతో చంపబడి ఆ సంఘములో మొదటి హతసాక్షియాయెను. 1849లో పదునెనిమిదిమంది మరణశిక్ష పొందిరి. వారిలో నలుగురు కాల్చబడిరి, పదునలుగురు అంపమరినన అను కొండచరియనుండి త్రోయబడిరి. మిగిలినవారు బైబిళ్లను నేలలో పాతిపెట్టి, గుహలలో కూడుకొనిరి. రఫారవావి మొదలైన కొందరు అడవులబడి తమతావె రేవునకు పారిపోయి ఓడ ఎక్కి, 1839లో ఇంగ్లండు చేరిరి. ఆ రాణి క్రూరత్వమును మేము సమర్థింపము. అయినను పరదేశులు తన దేశమును మ్రింగుదురను ఆమె భయము వట్టిది కాదు. 1896లో ఫ్రాన్సు ఆ ద్వీపమును కలుపుకొనెను.

1853లో సొసైటీవారు ఎల్లిస్ గారిని అక్కడికి పోయి సంగతి చూచి రమ్మని అడిగిరి. ఆయనకప్పటికి దాదాపు అరువది యేండ్లు. ఆయన ఫొటో తీయు విద్య నేర్చుకొని, ఆ సామానంతయు వెంట తీసికొనిపోయెను. ఆ కాలపు ఫొటో అనగా నేటిదివలె కాదు. మా సంఘములో క్రిస్మసు కూడిక ముగిసిన ఐదు నిమిషములలో పిల్లల చేతిఫోనులలో వంద ఫొటోలుండును. అప్పుడైతే గాజుపలకమీద జిగురుమందు సమముగా పారించి, చీకటి గుడారములో వెండి ద్రావకమునందు ముంచి, తడి ఆరకముందే కెమేరా పెట్టెలో ఉంచి, మనిషిని కదలకుండ కూర్చుండబెట్టి తీసి, వెంటనే మరల చీకటిలోనికి పరుగెత్తి కడుగవలెను. ఎండదేశములో ఆ తడి ఇట్టే ఆరిపోవును. నీళ్లలో మట్టియున్న బొమ్మ చెడును. గాజు పగిలిన పని పోవును.

ఆయన మొదట మారిషసు ద్వీపమునకు చేరెను. అదియును అగ్నిపర్వతపు రాతి ద్వీపమే. ఆ చెరకుతోటలలో అప్పటికే మన తీరపు తెలుగు కూలీలు పనిచేయుచుండిరి. అక్కడివారు వారిని కోరంగివారనిరి. 1853లోను, 1854లోను ఎల్లిస్ గారు తమతావె రేవువరకే పోగలిగెను. 1845లో ఇంగ్లీషు, ఫ్రెంచి ఓడలు ఆ రేవుపై దాడిచేసినప్పుడు చచ్చిన సైనికుల పుఱ్ఱెలు ఇంకను ఒడ్డున కొయ్యలమీద నిలిచియుండెను. రాజధానికి పోవుటకు సెలవు రాలేదు. ఆయన విసుగక, రేవులోనే కెమేరా నిలిపి అడిగినవారి ముఖములు తీసెను. మడగాస్కరులో తీయబడిన తొలి ఫొటోలలో అవి చేరినవి. తన ముఖము తాను నీళ్లలో తప్ప చూడనివాడు కాగితముమీద దానిని చూచికొనినప్పుడు కలుగు ఆశ్చర్యమును మనము ఊహింపవచ్చును.

1856లో సెలవు వచ్చెను. తమతావెనుండి అండెవొరాంటో వరకు దారి దక్షిణముగా సముద్రపు ఒడ్డునబడియే పోవును. ఒకవైపు అలలు, మరియొకవైపు ఉప్పుటేరులు, నడుమ ఇసుకపట్టె, మొగలిచెట్లు. ఇది మన ఊరేనని మన జాలరివారు అనుకొనదగిన నేల. అక్కడనుండి దారి పడమరగా తిరిగి అడవులు, బురదకొండలు ఎక్కును. ఆ దేశపు రాజులు రస్తా వేయింపలేదు. అడవి, జ్వరము తమకు ఇద్దరు సేనాధిపతులని తలంచిరి. హవాయిలో జనులు రాళ్లు మోసి బాట వేసిరి, ఇక్కడ బాట లేకుండుటయే కోట. ఎల్లిస్ గారు ఈసారి నడువలేదు, బోయలు మోయు పల్లకిలో పోయెను. గాజుపలకలు, సీసాలు మోయువారు అతి జాగ్రత్తగా జారుడు దారిలో వెంట నడచిరి. దారి పొడుగున చెట్లను, ఊళ్లను, మనుష్యులను తీసెను. రఫారవావి వంటివారు పారిపోయి వచ్చినది ఈ సీమలోనుండియే.

ఆగస్టు 26న అంటనానరివో చేరెను. రాణి ఆయనకు ఒక నెల మాత్రమే గడువిచ్చెను. పగలంతయు రాజకుమారుడైన రకోటో, అతని భార్య, ప్రధానులు ఒకరివెంట ఒకరు కెమేరాముందు కూర్చుండిరి. రాత్రి అయిన తర్వాత వేరొక జనము వచ్చెను. హతసాక్షుల భార్యలు, బిడ్డలు, సంకెళ్లు మోసినవారు, ఇరువది యేండ్లుగా కాపరిలేక నిలిచిన విశ్వాసులు. నీకొదేము రాత్రివేళ వచ్చినది భయముచేతనే గదా, వీరిని ఏమనగలము? ఆ సంఘము చావలేదు, పెరిగెను, అని ఆయన కన్నులార చూచెను. అయితే గాజుపలకకు పగటి వెలుగు కావలెను. ఆ ముఖములు కాగితముమీద కనబడుట వారికి ఉరిత్రాడగును. పసిఫిక్ ద్వీపములో విగ్రహములను సహితము గీసికొనిన ఆ చేయి, అరువదిరెండవ యేట, తాను చూడగోరివచ్చిన ముఖములయెదుట ఊరకుండెను. సెప్టెంబరు 26న సెలవు పుచ్చుకొని బయలుదేరెను. 1857లో శ్రమలు మరల విజృంభించి, అనేకులు రాళ్లతో కొట్టబడిరి.

1861లో రాణి మరణించి రకోటో రెండవ రడామాగా రాజైనప్పుడు ఎల్లిస్ గారు మరల పోయి, 1862 జూన్ మొదలు 1865 వరకు రాజధానిలో నివసించెను. రాజునకు ఆయన చాల దగ్గరివాడాయెను. మా అభిప్రాయములో అంత దగ్గర కాకుండవలసినది. ఆస్థానములో ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారికిని పోటీ ఎక్కువై, బోధకుని మాట రాయబారి మాటగా వినబడసాగెను. 1863 మే నెలలో రాజు గొంతు బిగించి చంపబడెను. ఎల్లిస్ గారు నిందల మధ్యను నిలిచియుండి, సంఘముల పనిని క్రమపరచెను. హతసాక్షులు చనిపోయిన చోట్లనే జ్ఞాపకార్థ మందిరములు కట్టవలెనని తలపెట్టినది ఆయనే. ఆ స్థలములను కేటాయింపజేసి, ఇంగ్లండు సంఘములకు వ్రాసి ధనము కూర్చెను. జేమ్స్ సిబ్రీ అను శిల్పి వచ్చెను. అంబటొనకంగ మందిరము 1867లోను, అంబొహిపొట్సి మందిరము 1868లోను, ఫరవొహిత్ర మందిరము 1870లోను తెరువబడెను. 1869లో రెండవ రణవలోన రాణి బాప్తిస్మము పొందెను.

తోటమాలి బుద్ధి ఆయనను ముసలితనములోను విడువలేదు. మడగాస్కరునుండి ఆయన ప్రాణముతో తెచ్చిన ఒక తెల్లని పువ్వుమొక్కకు పువ్వు వెనుక అడుగు పొడవు గొట్టముండును, తేనె దాని అడుగున ఉండును. చార్లెస్ డార్విన్ ఆ జాతి పువ్వును చూచి, అంత పొడవు నాలుక గల పురుగు ఆ దేశములో ఉండవలెనని 1862లో వ్రాసెను. 1903లో ఆ పురుగును గుర్తించిరి.

1872లో రైలు ప్రయాణములో తగిలిన చలి జబ్బుగా మారి, జూన్ 9న ఎల్లిస్ గారు నిద్రించెను. వారము దాటగానే సారాగారును మరణించిరి. నాలుగవ మందిరమైన అంపమరినన 1874లో ఆ కొండచరియ అంచున పూర్తియాయెను. ఆయన దానిని చూడలేదు.

ఆయన యౌవనములో నడచిన ఆ నల్లరాతి బాట సంగతి ఇంకొక మాట చెప్పవలెను. 1868 ఏప్రిల్ నెలలో గొప్ప భూకంపము కలిగి, సముద్రము పొంగి, ఆయన రాత్రులు గడిపిన తీరపు పల్లెలు కొన్ని కొట్టుకొనిపోయెను. మిగిలిన భాగములలో 175 మైళ్ల దారిని 2000 సంవత్సరములో అమెరికా ప్రభుత్వము చారిత్రక బాటగా ప్రకటించెను. కెమేరాలు మెడలో వేసికొని వచ్చువారు ఇప్పుడు ఆ గుండ్రాళ్లమీద నడచి ఫొటోలు తీసికొనిపోవుచున్నారు. వారిలో కొందరు 1823 నాటి ఆ పుస్తకమును చేతపట్టుకొని, ఏ మలుపువద్ద ఆయన ఏమి చూచెనో పోల్చుకొందురు. కాని కైమూ, కలపన పల్లెలను పోల్చుకొనుటకు వీలులేదు. 1990లో కిలవేయానుండి పారిన లావా ఇండ్లను, కొబ్బరితోటలను, ఇసుకను, బాటను కప్పివేసి, సముద్రములోనికి కొత్త నేలను చాచెను. అక్కడనున్న చిన్న కట్టె మందిరమును జనులు లావా రాకమునుపే ఎత్తి బండిమీద తరలించిరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పడిపోయిన ఉద్దానపు తోటలను చూచినవారికి ఆ దినము ఎట్టిదో వివరింప నక్కరలేదు. కలపనవారు కొంతకాలము ఊరకుండి, తర్వాత మొలకెత్తిన కొబ్బరికాయలను చేతబట్టుకొని, ఆ నల్లరాతిమీద నడచి, కొత్తగా ఏర్పడిన నల్లయిసుక ఒడ్డున వాటిని నాటిరి.